పక్కచూపు

మాలేగ్‌లో రైలు పట్టాలు అయిపోతాయి.
అక్కణ్ణుంచి పడవ.
ఎఫీ మెకినెస్ నా చెయ్యి అందుకోలేదు,
పడవ అంచు పట్టుకుంది,
మచ్చికైన గుర్రం మెడ పట్టుకున్నట్టు.

నాలుగేళ్లుగా ఆమె గ్లాస్గోలో నా కుర్చీలో కూర్చుంటోంది,
గడ్డం ప్లాస్టిక్ అంచుకి ఆనించి.
ఇది బాగుందా, ఇదా?
ఒకటా, రెండా?
రోజుకి ముప్పైమందిని అడుగుతాను.
మార్చిలో అంది: "ఒకటీ లేదు, రెండూ లేదు,
మధ్యలో ఎవరో బొగ్గు పెట్టి రుద్దారు."
అద్దాలతో అయ్యే పని కాదని చెప్పే కరపత్రం ఒకటుంది.
ఇచ్చాను.
చదవలేని మనిషికి ఇచ్చానని
ఆమె గుమ్మం దాటాక తట్టింది.

ఈ ప్రయాణం అందుకే. ఆ మాట ఆమెతో అనలేదు.

పాపిడి తీసినట్టు కొండలు విడిపోయి
ఆ సందులోకి సముద్రం వచ్చి కూర్చుంది.
పుస్తకాలు ఫియోర్డ్ అంటాయి, ఇక్కడివాళ్లు లోఖ్ అంటారు,
ఎఫీ ఉత్తినే 'నీళ్లు' అంటుంది.
"నీళ్లు ఇవాళ నల్లగా ఉన్నాయా?"
"ఉన్నాయి."
"అయితే వాన మూడింటికి."

దీపస్తంభం నేననుకున్నంత ఎత్తేం లేదు.
సున్నం కొట్టిన పొట్టి బురుజు,
లోపల ఉప్పూ పాత కిరసనాయిలూ కలిసిన వాసన.
నలభై ఒక్క మెట్లు.
ముప్పైతొమ్మిది దగ్గర నేను లెక్క తప్పాను,
ఆమె మోకాళ్లు తప్పలేదు.

పైన, ఆ అద్దం.
పదిహేనేళ్లుగా గాజు మీద బతుకుతున్నదాన్ని
గాజు ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను.
ఉల్లిపొరల్లా వలయం మీద వలయం,
ఒక్కోదానికి ఒక్కో వాలు,
పిడికెడు మంటని పోగుచేసి
పద్దెనిమిది మైళ్లు విసిరే వాలు.
కింద అంచున పెచ్చు ఊడింది.
ఎఫీ వేలు దాన్ని వెతికి పట్టుకుంది.
"ఇది నేనే. తొమ్మిదేళ్లప్పుడు.
పాలిష్ డబ్బా జారింది.
నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు.
మూడోనాడు చిట్టాలో రాశాడు:
పెచ్చు వల్ల ఏ ఓడకీ నష్టం లేదు."

పగలు దీనికి తెరలు కట్టేవారట.
రాత్రి ఓడల్ని కాచే అద్దమే
పగలు ఎండ దొరికితే
ఎదుటి కొండ గడ్డి అంటిస్తుందట.

దీపం కింద చీకటి, అని మా సామెత ఒకటి చెప్పాను.
ఇంగ్లీషులోకి వచ్చేసరికి సగం చచ్చింది పాపం.
అయినా ఎఫీ పగలబడి నవ్వి
కాళ్ల కింది ఇనప జల్లెడలోంచి వేలు చూపించింది:
"అదిగో, ఆ చీకట్లోనే కాపురం ఉన్నాం.
ఏడుగురం."

వాన మూడింటికి కాదు, నాలుగున్నరకి పడింది.
తెరిపిచ్చాక బయటి వరండాలో
దూరపు దీవి మీది దీపం కోసం కళ్లు చికిలిస్తున్నాను.
కనబడదు. అక్కడే ఉంది, కనబడదు.
"సూటిగా చూస్తున్నావు కదూ," అంది.
"మసకలో సూటిగా చూస్తే ఏదీ నిలవదు.
పక్కనున్న చీకటిని చూడు,
దీపం దానంతటదే వస్తుంది.
నాన్న నేర్పాడు.
ఇప్పుడు అన్నం కూడా నేనలాగే తింటున్నాను."

పక్కకి చూశాను.
వచ్చింది. చిన్నది, బియ్యపు గింజంత.

నేనేమో నాలుగేళ్లుగా ఆమెకి
'తల తిప్పకండి, అక్షరాన్నే చూడండి' అని చెబుతున్నాను.

తిరుగు పడవలో చలి.
వెనక బురుజు మీద దీపం వెలిగింది. ఇప్పుడది యంత్రం,
టిఫిన్ డబ్బా అంత ఉంటుంది,
దాన్ని కాయడానికి ఏడుగురు అక్కర్లేదు.
ఎఫీ మొహం కొండవైపు తిప్పుకుని కూర్చుంది.
అలిగిందనుకున్నాడు పడవ కుర్రాడు.
నాకు తెలుసు, దీపాన్నే చూస్తోంది.

"రంగు మాత్రం నాకు అందడం లేదు," అంది,
నా కుర్చీలో నేను మాట్లాడే గొంతుతో:
"నువ్వు చెప్పు. తెలుపా, ఎరుపా?
తొందరేం లేదు."

చూశాను. పక్కకి కూడా చూశాను.
"ఎరుపు."

"అయితే రాళ్ల మీదికి పోతున్నాం,
ఆ అబ్బాయికి చెప్పు."